గుర్తు లేని కాయలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు ఎవరూ ముట్టుకోని పనే అప్పగిస్తారు. ఇది అన్ని ఆఫీసుల్లోనూ ఉన్న ఆనవాయితీ. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు తమకొక్కరికే అన్యాయం జరిగిందని బాధపడనక్కర్లేదు. నా వాటాకు వచ్చింది ఒక కరపత్రం.

డెబ్బైల చివర్లో సంగతి ఇది. నంద్యాలలో, రైతుల చేత సంకర పత్తి విత్తనం తయారుచేయించే పథకం ఒకటి నడిచేది. దాని ఆఫీసులో నేను క్షేత్ర సహాయకురాలిని. అంటే ఆఫీసుకు వెళితే కుర్చీ ఉండదు, చేనికి వెళితే నీడ ఉండదు. మా నాయన మిషను బడిలో పంతులు. ఆడపిల్లకు బస్సులెక్కి చేల వెంట తిరిగే ఉద్యోగమేమిటని చర్చిలో ఎవరైనా అడిగితే, "దాని నోటికి బడిపిల్లోళ్ళు తట్టుకోలేరప్పా, పత్తిచెట్లయితే ఊరకుంటాయి" అనేవాడు. నాకు కోపం వచ్చేది కానీ, అబద్ధం మాత్రం కాదు.

మా ఆఫీసరు గుంటూరు వైపు మనిషి. పత్తి మొక్క గురించి ఆయనకు తెలియనిది లేదు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం పెట్టుకుని మాట్లాడేవాడు. నేను చేరిన కొన్నాళ్ళకు పిలిచి ఆ కరపత్రం చేతిలో పెట్టాడు.

"ఇందులో తొలగింపు సంగతి అర్థం కాలేదని రైతులు ఊరికే అడుగుతున్నారు. ఏం అర్థం కాలేదో కనుక్కుని నాలుగు ముక్కలు వివరంగా రాసుకురా. నాకైతే అంతా స్పష్టంగానే ఉంది."

ఇక్కడ ఆ విత్తనం ఎలా తయారవుతుందో కాస్త చెప్పాలి. ఒకే చేలో ఆడసాళ్ళు, మగసాళ్ళు అని రెండు రకాల పత్తి వేస్తారు. ఆడసాలులో రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోరుతో దాని రేకులూ పుప్పొడీ వలిచేయాలి. మర్నాడు పొద్దున మగసాలులో పువ్వు తుంచి తెచ్చి దాని మీద రుద్దాలి. ఈ పనిని అందరూ క్రాసింగు అనేవారు. రుద్దిన ప్రతి మొగ్గ కాడకూ ఎర్ర దారం కట్టాలి. అదే గుర్తు. ఆ కాయలోదే సంకర విత్తనం. అదే చెట్టుకు, ఎవరి చేయీ పడకుండా తనంతట తాను కాసిన మామూలు కాయలూ ఉంటాయి. రెండూ కలిస్తే ఆ విత్తనం దేనికీ పనికిరాదు. అందుకే క్రాసింగు కాలం అయిపోయాక మామూలు కాయల్ని ఏరి పారేయాలి.

ఈ ఏరిపారేసే పని గురించి కరపత్రంలో ఉన్నవి రెండే వాక్యాలు. "క్రాసింగు కాలము ముగిసిన పిమ్మట గుర్తు లేని మొగ్గలు, పూలు, కాయలు అన్నింటిని తొలగించవలెను. అవసరమని తోచినచో పరిశీలించుకొనవచ్చును."

చదివాను. నాకూ స్పష్టంగానే ఉన్నట్టు అనిపించింది. అప్పటికి నేను ఒక్క చేను కూడా శుభ్రం చేయించలేదు మరి.

"ఆళ్ళగడ్డ అవతల ఒక రైతున్నాడు. నిరుడు పంట పోగొట్టుకున్నాడు," అన్నాడు ఆఫీసరు. "ముందు ఆయన దగ్గరికే వెళ్ళు. తిడతాడు. పడు."

ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర బస్సు దిగి, కాలవ గట్టు పట్టుకుని నడవాలి. ఆ ఊరి రేగడి మన్ను తడిగా ఉంటే చెప్పుల్ని లాక్కుంటుంది. చెప్పులు చేతబట్టుకుని వాళ్ళ చేను దగ్గరికి చేరేసరికి ఆయన చేని గట్టున, గెనిమ మీద, చేతిలో కట్టెతో నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి. నా భుజాన సంచీ చూడగానే ఎవరినో తెలిసిపోయినట్టుంది.

"ఏందమ్మా, ఈసారి ఆడపిల్లను పంపిచ్చినారే మీ ఆపీసోళ్ళు. కాగితం తెచ్చినావా? తెచ్చింటే ఆ కాలవలో యేసి రాపో."

"కాగితంలో ఏం అర్థం కాలేదో కనుక్కోమన్నారన్నా," అన్నాను.

"అర్థం కాకపోయేదేముండాది? నాకు చదువొచ్చు. మీ సారు రాసినట్టే చేసినా. మొదట తీసేయమన్నాడు, తీసేసినా. తర్వాత చూసుకోమన్నాడు, చూసుకున్నా. యాడ తప్పు చేసినానో నువ్వు చెప్పు."

నిరుడు ఆయన గుర్తు లేని కాయలు తెంపడానికి కూలీల్ని పిలిచాడట. దారం కట్టేది కాయ కాడకు, ఆకు చాటున. రోజంతా వంగి గబగబా తెంపే మనిషికి అది కనపడదు. వాళ్ళు చేతికందినదల్లా తెంపారు. తెంపినదంతా బండికెత్తించి ఇంటి ముంగిట్లో గుట్ట పోయించి, అప్పుడు ఆయన కూర్చుని కరపత్రంలో రాసినట్టు పరిశీలించాడు. ఒక్కొక్క కాయే చేతిలోకి తీసుకుని చూస్తుంటే ఎర్ర దారాలు బయటపడ్డాయి. గుట్టలో చేయి ఎక్కడ పెట్టినా దారమే.

"పచ్చి కాయలు. యాడ అతికిచ్చాల్నమ్మా వాటిని?" అన్నాడు.

కరపత్రం తీసి మళ్ళీ చదువుకున్నాను. మొదటి వాక్యం తీసేయమంది, రెండో వాక్యం చూసుకోమంది. ఆ మనిషి రాసిన వరసలోనే చేశాడు. నాకు మా ఆఫీసరు మీద కోపం వచ్చింది, ఆయన ఎదురుగా లేడు కాబట్టి కాసేపటికి తగ్గింది.

ఇంతలో ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. "మనిషి ఎండన పడి వచ్చింటే నీళ్ళన్నా ఇయ్యకుండా ఏంది నీ మాటలు," అని మొగుణ్ణి కసిరి, నన్ను పక్కకు కూర్చోబెట్టుకుంది. నిరుడు తెంపేటప్పుడు తాను కాన్పుకు పుట్టింట్లో ఉన్నానని, తానుంటే అట్లా జరగనిచ్చేది కాదని చెప్పింది. ఈ ఏడు మళ్ళీ ఉన్న రేగడంతా విత్తనపత్తికే పెట్టాడట. జొన్నలు వేయలేదు. గాదె ఖాళీ.

"పోయిన సోటనే తెచ్చుకోవల్లంటాడు. ఈసారీ పోతే చేను గుత్తకిచ్చి బేతంచెర్ల నాపరాళ్ళ గనికి పోతాడంట. బిడ్డనెత్తుకోని నేనూ రావల్లంట," అంది. నవ్వుతూనే అంది కానీ, కళ్ళు చేను మీదే ఉన్నాయి.

అసలు చిక్కు అది కాదు. క్రాసింగు పని అప్పటికే అయిపోవచ్చింది. ఈ ఏడు గుర్తు లేని కాయల్ని తెంపనివ్వనని ఆయన మొండికేశాడు. చేలో కాలు పెట్టినవాడి కాలు విరగ్గొడతానన్నాడు, కట్టె ఉన్నది అందుకే. తెంపకపోతే మామూలు కాయలు కలుస్తాయి, మా ఆఫీసరు వచ్చి చూసి చేను మొత్తం తిప్పికొడతాడు. తెంపితే నిరుటి గతి పడుతుందేమోనని ఈయన భయం. ఎటు చూసినా బేతంచెర్ల దారే.

నంద్యాల వచ్చి మా ఆఫీసరుతో జరిగినదంతా చెప్పాను. ఆయన లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చాడు.

"పరిశీలించడమంటే ముందే కదమ్మాయ్. తీసేశాక ఇంక పరిశీలించేదేముంటుంది? ఆ మాత్రం ఇంగితం ఉండదూ?"

"ఇంగితం మీదే వదిలేస్తే కరపత్రం ఎందుకు సార్ వేయడం?" అన్నాను. నా నోటి సంగతి మా నాయన ముందే చెప్పాడు కదా.

ఆయన కరపత్రాన్ని నా వైపు తోశాడు. "సరే, నువ్వయితే ఏం రాస్తావు?"

"తెంపే ముందు చూడండి, అని."

"చూస్తాడు. నడుమెత్తు చెట్లు, చెట్టు నిండా కాయలు. ఈ సాలు చూసి ఆ సాలుకు పోయేసరికి ముందు చూసింది మరిచిపోతాడు. చూసినట్టు ఆనవాలేది? రేపు తెంపే కూలీకి నువ్వేం చూశావో ఎలా తెలుస్తుంది?"

ఆ మాట నిజం. నేను ఊరికే చూడమంటున్నాను, ఎలా చూడాలో చెప్పడం లేదు. అంటే ఆయన చేసిన పనే నేనూ చేస్తున్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చిన మా పెద్దన్నతో ఈ మాట చెబితే నవ్వాడు. వాడు నల్లమలలో ఫారెస్టు గార్డు. "మేం అడివిలో ఒక కూపు, అంటే ఒక ముక్క నరికిచ్చేటప్పుడు ఏం జేస్తాం? నరికే చెట్లకు ముందు గుర్తు ఏస్తాం. రేంజరు వచ్చి తిరిగి చూస్తాడు. ఆ తర్వాతే గొడ్డలి. ఉండే చెట్టుకు కాదు, పోయే చెట్టుకు గుర్తు ఏయల్ల," అన్నాడు.

మర్నాడు ఆఫీసరుకు ఇదే చెప్పాను. దారం లేని ప్రతి కాయకూ సున్నం బొట్టు పెడదాం, ఒక్కటీ తెంపవద్దు, అందరూ తిరిగి చూశాక బొట్టున్నవే తెంపుదాం అన్నాను. ఆయన సున్నమా అని ముఖం చిట్లించాడు. కానీ కాదనలేదు. "ఆ రైతు చేలోనే చేసి చూపించు. చేను చూడ్డానికి ఎటూ నేను రావాలి. ఆ రోజుకు బొట్లు పెట్టించి ఉంచు," అన్నాడు.

మీలో కంప్యూటర్ల ఉద్యోగాలు చేసేవాళ్ళకు ఇదంతా పాతకాలపు గోలగా తోచవచ్చు. ఈమధ్య మా పక్కింటి అమ్మాయి ముఖం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ళ పనిలో, రాసినదాంట్లో ఎప్పుడేం మార్చారో గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఒకటుందట. అందులో గుర్తు పెట్టని ఫైళ్ళన్నిటినీ ఒక్క దెబ్బకు తుడిచేసే ఆదేశం ఉందట. ఏవేవి పోతాయో తుడవకుండా ముందు చూపించమని కూడా అడగొచ్చట. కానీ వివరణ రాసినవాడు ఆ సంగతి ఎక్కడో కింద, చూపిస్తుందో చూపించి తుడుస్తుందో తెలియకుండా రాశాడట. అది చదివి ఆ అమ్మాయి చేసిన పనంతా తుడిచేసుకుంది. "ఆంటీ, మీకు చెప్పినా అర్థం కాదులెండి," అంది. నాకెంత బాగా అర్థమైందో ఆ పిల్లకు చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపాను.

బొట్లు పెట్టిన రోజు సంగతికి వస్తాను. పొద్దున్నే నేను వెళ్ళేసరికి రైతు గెనిమ మీదే ఉన్నాడు, కట్టెతోనే. తెంపడం కాదన్నా, బొట్టు పెట్టడమేనని చెప్పాను. నమ్మలేదు. "ఒక్క కాయ కింద పడినా చూడు," అన్నాడు. ఆయన భార్య గోడలకు కొట్టగా మిగిలిన సున్నం కలిపింది. పుల్లలకు గుడ్డపేలికలు చుట్టి, నేనూ ఆమే క్రాసింగుకు రాని ఇంకో నలుగురు ఆడవాళ్ళూ సాళ్ళలోకి దిగాం. ఎర్ర దారం కోసం ఆకెత్తి చూడటం, దారముంటే వదిలేయడం, లేకపోతే బొట్టు పెట్టడం. పని తేలికే. ఆడవాళ్ళు పాటలు కూడా ఎత్తుకున్నారు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా నేను ఎందుకో నడుమెత్తి వెనక్కి చూశాను. చేనంతా తెల్లటి బొట్లే. దారమున్న కాయలు అక్కడొకటి ఇక్కడొకటి. ఇవన్నీ తెంపితే చేలో చెట్లు మాత్రమే మిగులుతాయి. రైతు కూడా అప్పుడే చూసినట్టున్నాడు. కట్టె కింద పడేసి గెనిమ మీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. కరపత్రం ఏం చెప్పిందో నేనూ అదే చేయించాను, దాంట్లో అణువంతైనా తేడా లేదు.

అప్పుడు ఆయన భార్య ఒక బొట్టుపెట్టిన కాయను పట్టుకుని వంగి చూస్తూ, "యమ్మా, ఆగండి, ఆగండి. ఇది నేను రుద్దిన కాయే," అంది.

"దారమేదక్కా?"

"మబ్బు దినాల్లో దారం యాడ కడ్తిమి? ఆకు పీకినాం గదా. నువ్వు దారమే చూడమంటివి, నేనూ దారమే చూస్తాంటి."

నాకు అర్థం కాలేదు. ఆమె చూపించింది. పత్తి కాయను చుట్టుకుని మూడు పచ్చటి ఆకులుంటాయి. ఆ కాయకు రెండే ఉన్నాయి, మూడోది మొదలంటా లేదు.

ఈ చేలో క్రాసింగు చేసి, అప్పుడు పక్క చేలో పనిచేస్తున్న గుంపు పెద్దను పిలుచుకొచ్చాం. వయసు మీదపడిన మనిషి, ఒక బుగ్గన ఆకువక్క. మా ముఖాలు చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. "తెల్దా మీకు? మబ్బు పడితే పూలు పొద్దుపోయి ఇచ్చుకుంటాయి. పొద్దెక్కితే పుప్పొడి పని చెయ్యదు. మద్దెలో ఉండే ఆ రవ్వంత పొద్దులో చేనంతా రుద్దల్ల. దారాలు కట్టుకుంట కూచుంటే అయితాదా? ఆకొకటి పీకేసి బేగా పోతాంటాం. పోయినేడు మబ్బే పట్టల్యా, ఆ అవసరం రాల్యా. ఈయేడు మబ్బు యిడిసిందెప్పుడు?"

తుపాను పట్టుకుని ఆ ఏడు ఎన్నాళ్ళో ఎండ మొహం చూడలేదు. ఆ గుంపులో అందరికీ తెలుసు, ఇంటామెకు తెలుసు. ఇంటాయనకు తెలియదు, మా ఆఫీసుకు తెలియదు, కరపత్రానికి తెలియదు. ఎవరూ దాచలేదు. అందరికీ తెలిసిన సంగతే కదా అని ఎవరికి వాళ్ళు ఊరుకున్నారు.

సరిగ్గా అప్పుడే కాలవ గట్టు మీద జీపు ఆగింది. ఆఫీసరు దిగి చేను వంక చూసి కొయ్యబారిపోయాడు.

"ఇదేవిటమ్మాయ్? చేనుకు అమ్మవారు పోసిందా?"

జరిగినదంతా గబగబా చెప్పాను. ఆకు పీకిన కాయలు వదిలేయాలి సార్, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆకు పీకడం గుర్తని ఎవరు చెప్పారు? పురుగు తిన్న ఆకుకీ, మీరు పీకిన ఆకుకీ తేడా ఎవడు చెబుతాడు? ఒక్క చేలోని మామూలు కాయలు కలిస్తే, ఆ విత్తనం కొనుక్కున్న రైతులంతా మునిగిపోతారు. వాళ్ళూ ఇలాంటివాళ్ళే కదా. నేనేం చెప్పుకోను వాళ్ళకి? దారం లేనివి పోవాల్సిందే."

ఆ మాటా తప్పు కాదు. అదే నన్ను ఇప్పటికీ విసిగించేది. ఆ రోజు ఆ చేలో తప్పు మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరు.

రైతు గెనిమ మీద నుంచి లేచి నిదానంగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. గొంతు పెంచలేదు.

"సారూ, పోయినేడు మీరు రాసినట్టు చేసినా. ఈయేడు మీరు చెప్పినట్టు చేస్తా. యేది తెంపల్నో మీరే చేలోకొచ్చి చెయ్యి పెట్టి చూపీండి. మీరు చూపిచ్చిన కాయ తెంపుతా. చూపీని కాయ తెంపను."

ఆఫీసరు లవంగం ఉమ్మేశాడు. గెనిమ మీద కూర్చుని బూట్లు విప్పి, ప్యాంటు మడిచి సాలులోకి దిగాడు.

గుంపు పెద్ద ఆయన పక్కన నడిచింది. మొదటి కాయ దగ్గరే ఇద్దరికీ వాదన. "ఇది పురుగు తిన్నదే," అంటాడు ఈయన. "నా చేత్తో పీకినా సారూ," అంటుందామె. అప్పుడాయన కాయను అటూ ఇటూ తిప్పి, దాని మొదట్లో చూపించాడు. మొగ్గను వలిచేటప్పుడు బొటనవేలి గోరు తగిలిన గాటు కాయ పెరిగినా పోదట. అది ఆమెకు తెలియదు. గాటున్నదీ, ఆకు మొదలంటా పీకినదీ అయితే క్రాసింగు కాయ. రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా పోయే కాయే. అలా ఇద్దరూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చారు. కొన్ని కాయల దగ్గర ఆమె నెగ్గింది, కొన్నిటి దగ్గర ఆయన నెగ్గాడు. అనుమానమున్న కాయ దగ్గర మాత్రం ఆయన ఎవరి మాటా వినలేదు. మేం వెనకాలే నడుస్తూ, నిలిచిన కాయకు బొట్టు తుడిచి దారం కట్టాం. పొద్దు గుంకేదాకా అదే పని. ఆయన మోకాళ్ళ దాకా రేగడి పట్టింది. జీపెక్కుతూ నాతో అన్నది ఒక్కటే మాట: "రేపు దగ్గరుండి తెంపించు."

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. తెల్లవారి చేలోకి వెళితే రైతు మొదటి చెట్టు దగ్గర ఆగిపోయాడు. చెయ్యి ముందుకు సాగలేదు. ఎదురుగా బొట్టున్న కాయ. ఆయన భార్య చూసి, తానే ఆ కాయ తెంపి ఆయన అరచేతిలో పెట్టింది.

"దారముండాదా చూడు."

తిప్పి చూశాడు. "లేదు."

"ఆకు పీకిండామా?"

"లేదు."

"అయితే పారెయ్."

పారేశాడు. రెండో కాయ తానే తెంపాడు. దాన్నీ తిప్పి చూశాడు. ఆ రోజు ఆయన తెంపిన ప్రతి కాయనూ తిప్పి చూస్తూనే ఉన్నాడు, అందరికంటే వెనకబడ్డాడు. ఎవరూ తొందర పెట్టలేదు.

ఆ చేను నిలిచింది. మా ఆఫీసులో ఆ విత్తనాన్ని మళ్ళీ నాటి చూసి మంచిదనే తేల్చారు. ఆ డబ్బుతో వాళ్ళ గాదెలోకి జొన్నలు వచ్చాయి, బేతంచెర్ల మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. ఆ సంగతి విన్న రోజు ఆఫీసులో నేను గట్టిగా నవ్వితే మా ఆఫీసరు తల పైకెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

తర్వాత కరపత్రం తిరగరాయడానికి కూర్చున్నాం. చేలో ఒక్క రోజులో తేలిన పని కాగితం మీద తేలడానికి తల ప్రాణం తోకకొచ్చింది. సున్నం అనే మాట ప్రభుత్వ కాగితంలో బాగుండదని ఆయన, గంధం బొట్టు పెట్టమని రాద్దామా అని నేను. చివరికి ఇలా తేలింది: "ఎర్ర దారం లేని ప్రతి కాయకూ సున్నం బొట్టు పెట్టండి. ఈ పూట ఒక్క కాయ కూడా తెంపకండి. చేను యజమానీ, క్రాసింగు చేసిన ఆడవాళ్ళూ కలిసి చేనంతా తిరిగి చూడండి. దారం కట్టకుండా ఇంకే గుర్తైనా పెట్టారేమో వాళ్ళను అడగండి. బొట్టు తప్పు పడిన చోట తుడిచి దారం కట్టండి. మరునాడు, బొట్టు ఉన్నవి మాత్రమే తెంపండి." ఐదారు వాక్యాలు రాయడానికి అన్ని రోజులా అని పై ఆఫీసు నుంచి మాట కూడా పడ్డాం.

ఆ మరుసటి సీజనులో ఆళ్ళగడ్డలో రైతుల్ని ఒక బడి వసారాలో కూర్చోబెట్టి దాన్ని చదివి వినిపించే పని నాకే పడింది. చాలామంది వచ్చారు. నేను గొంతు సవరించుకుని చదివాను. "ఈ పూట ఒక్క కాయ కూడా తెంపకండి" దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒక పెద్దమనిషి ఫక్కుమని నవ్వాడు.

"ఏందమ్మా ఇది? తెంపకముందు చూసుకోవల్లని గూడా కాగితం అచ్చేసి చెప్పల్నా? పసిబిడ్డకు గూడా తెల్సు గదా."

వసారా అంతా నవ్వింది. పక్కవాళ్ళను పొడుచుకుని మరీ నవ్వారు. నాకు కడుపు మండింది. ఒక్కసారి వివరంగా రాసేశాక అది ఎప్పుడూ వివరంగానే ఉన్నట్టు అందరికీ అనిపిస్తుంది. వాళ్ళకు జవాబు చెప్పాలని నోరు తెరిచాను.

ఇంతలో వెనక వరసలో, నిరుడు కట్టె పట్టుకుని నిలబడిన ఆ రైతు లేచి నిలబడ్డాడు. ఆయన వచ్చిన సంగతే నేను చూడలేదు.

"నాకు తెల్దప్పా," అన్నాడు. "నేను తెంపి, ఇంటికాడ గుట్ట పోసుకోని, ఆ తర్వాత చూసినా."

అని కూర్చున్నాడు.

నవ్వు ఆగిపోయింది. ముందు వరసలోని పెద్దమనిషి తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి నా వైపు చూడకుండానే, "ఇంగొకసారి సదువమ్మా. నిదానంగా సదువు," అన్నాడు.

నేను మొదటినుంచీ మళ్ళీ చదివాను.